వైతరణి పాటలో చివరి మాట

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అయినా నేను రాసే పాటల నిండా చావే ఉంటుంది. యముడో, చిత్రగుప్తుడో, దారి తప్పిన ప్రేతమో లేకుండా నా పాట లేదు. నాకవి కథలు, అంతే. రాసేసి, అన్నం తిని హాయిగా పడుకునేవాణ్ణి.

మాది గోదావరిఖనిలో ముగ్గురి బ్యాండు. వాయించేది డూమ్ మెటల్. గిటార్ మోత బరువుగా, శవయాత్ర నడకలా నెమ్మదిగా సాగే సంగీతం అది. తిరుపతి గిటార్. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపేవాడు. డ్రమ్స్ వాయించే గౌస్ భాయ్ బైకు మెకానిక్. పాటలు రాసి పాడేది నేను. నా ఉద్యోగం పెద్దపల్లిలో. ఆదివారం మధ్యాహ్నాలు గౌస్ భాయ్ షెడ్డులో షట్టర్ సగం దించి వాయించుకునేవాళ్లం.

వినడానికి పెద్దగా ఎవరూ వచ్చేవారు కాదు. తిరుపతి తల్లి లచ్చవ్వ ఒకసారి వచ్చింది. ఆమెను మేం ముగ్గురం అవ్వ అనే పిలిచేవాళ్లం. కాసేపు విని, "గింత ఏడుపు పాటేంది బిడ్డా, ఎవలు సచ్చిండ్రని?" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ ఏడు వైతరణి మీద ఒక పాట మొదలుపెట్టాం. చనిపోయినవాళ్లు దాటాల్సిన నది కదా. నడి నీళ్లలో ఉన్నవాడు వెనక్కి తిరిగి, ఒడ్డున ఏడుస్తున్న తనవాళ్లతో ఒక మాట అంటాడు. పాట అక్కడ ముగియాలి. ఆ మాటే నాకు దొరకలేదు. ఎన్ని రాసి వినిపించినా తిరుపతి తల అడ్డంగా ఊపేవాడు.

"సచ్చినోడు గంత పెద్ద ముచ్చట చెప్పడన్నా. చిన్నగ ఒక్క మాట అంటడు."

పాట అలా ఉండగానే అతనికి జ్వరం వచ్చింది. మెదడుకు పాకిందన్నారు. కరీంనగర్ దవాఖానలో స్పృహ లేకుండా ఉండిపోయాడు. అవ్వ ఐసీయూ బయట గచ్చు మీదే కూర్చునేది.

ఒక పొద్దున గౌస్ భాయ్ ఫోన్ చేశాడు. "భాయ్, మన తిరుపతి పోయిండు. ఇంటికి తీస్కపోతున్నం. జల్ది రా."

పెద్దపల్లిలో బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. ఏమీ తోచడం లేదు. బసంత్‌నగర్ దాటాక ఆ మాట వచ్చింది. నేను వెతకలేదు. చెవిలో ఎవరో చెప్పినట్టూ లేదు. ఉన్నట్టుండి తెలిసింది, అంతే.

"ఏడ్వకుండ్రి. నీళ్లు పెరుగుతున్నయి."

ఒడ్డున కారిన కన్నీళ్లన్నీ ఆ నదిలోనే కలుస్తున్నాయి. దాటేవాడికి లోతు పెరుగుతోంది. తిరుపతి అడిగింది ఇదే కదా అనుకున్నాను. వినిపించడానికి మనిషి లేడు. ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చాను. ఆ మాట పైకి అనలేదు, రాసుకోలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇది మాత్రం కచ్చితంగా చెప్పగలను.

తిరుపతి వాళ్ల కంపెనీ క్వార్టర్ ముందు టెంటు వేసి అతన్ని పడుకోబెట్టారు. మా వైపు ఆడవాళ్లు పోయినవాళ్లను తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. అవ్వ కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని అలాగే ఏడుస్తోంది.

"ఏడ్వద్దంటివా కొడుకా... నీళ్లు పెరుగుతున్నయంటివా కొడుకా..."

చెప్పులు విడుస్తున్నవాణ్ణి అలాగే నిలబడిపోయాను.

గౌస్ భాయ్‌ని పక్కకు తీసుకెళ్లి, దవాఖానలోనూ ఇలాగే ఏడ్చిందా అని అడిగాను.

"లేదు భాయ్. ఆడ ఒక్క మాట మాట్లాడలె. గిక్కడ తిరుపతిని బండ్లకెల్లి దించినంక మొదలువెట్టింది. ఏం నీళ్లో ఏందో, నాకైతే సమజ్ కాలె."

కాసేపటికి అవ్వ ఏడుపు ఆపేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, మిగతా ఆడవాళ్లను కూడా ఊరుకోమంది. చితికి నిప్పు పెట్టినప్పుడు కూడా ఆమె కంట నీళ్లు రాలేదు. కొందరు గుసగుసలాడుకున్నారు.

రెండు మూడు రోజులు ఆగి వెళ్లి అడిగాను. "అవ్వా, గా నీళ్ల ముచ్చట నీకెవలు చెప్పిండ్రు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఎవలు చెప్తరు బిడ్డా? వాడే. బండ్లకెల్లి దించుతుంటే అన్నడు. నీళ్లల్ల కాళ్లు ఆన్తలేవట."

బస్సులో నాకు తట్టిన మాట గురించి ఆమెకు చెప్పలేకపోయాను.

పాత ఏడుపుల్లో ఉన్న మాటేమో, చిన్నప్పుడు నేనూ ఎక్కడో విన్నానేమో అనుకుని రామగిరిలో మా మేనత్తను అడిగాను. అక్కడి ముసలమ్మలనూ అడిగాను. ఎవరూ విననే లేదన్నారు. తిరుపతే ఎప్పుడో తల్లితో అని ఉంటాడా అంటే, ఆ మాట అతనికి దొరికి ఉంటే ముందు నాకే చెప్పేవాడు.

కర్మ రోజు గోదావరి ఒడ్డున తిరుపతి పేర అన్నం వండి పిట్టకు పెట్టాం. చాలాసేపు ఏ పిట్టా రాలేదు. అవ్వ పెదవులు బిగబట్టుకుని ఎండలో కదలకుండా నిలబడింది. చివరికి ఒక కాకి వచ్చి అన్నం ముట్టింది.

"దాటిండు" అంది అవ్వ.

ఆ తర్వాత ఇసుకలో కూలబడి, రెండు చేతులతో నేలను కొడుతూ ఏడ్చింది. గౌస్ భాయ్, నేను చెరో పక్కన కూర్చున్నాం. ఊరుకోమని ఆమెకు ఎవరమూ చెప్పలేదు.

ఒకే పొద్దున ఆ మాట ఆమెకూ నాకూ ఎలా చేరిందో నాకిప్పటికీ తెలియదు. కొడుకు నది దాటేదాకా ఒక తల్లి ఏడుపు ఆపుకోవడం మాత్రం నా కళ్లతో చూశాను.