మొహసిన్ గొంతు తగ్గించిన ఆదివారం

సిరిసిల్లలో మొహసిన్ ఇంట్లో గుసగుసలాడితే పక్కింటివాళ్ళు జవాబు చెబుతారు. అందులో ఆయన తప్పేమీ లేదు. మీసాలు రాకముందు నుంచీ సాంచెలు నడుపుతున్నాడు. మరమగ్గాలను ఇక్కడ సాంచెలంటారు. వాటి మధ్య నిలబడ్డవాడికి తన దగ్గు తనకే వినబడదు. ఆ మోతలోంచి ఇంటికి వచ్చి చాయ్ అడిగినా దండోరా వేసినట్టే ఉంటుంది.

అలాంటివాడు టీవీలో యాంకర్ కావడానికి కారణం కరెంటు. కేబుల్ నడిపే అరుణ్ తన తమ్ముడి పెళ్ళిలో కరెంటు పోయి, మైకు మూగబోయి తలపట్టుకున్నాడు. ఆకలితో చిరాకుపడుతున్న జనాన్ని, వంట అయ్యేదాకా, వట్టి గొంతుతో ఆటలాడించి నవ్వించినవాడు మొహసిన్. ఆ తర్వాత అరుణ్ లోకల్ ఛానల్లో 'ఆదివారం ఆట' అతని చేతికొచ్చింది. ఫంక్షన్ హాల్లో జనం ముందు లైవ్. కోరుట్ల, జగిత్యాలల్లోనూ వస్తుంది. గెలిచినవాళ్ళకు మిక్సీ.

ఈ విద్య ఎవరికి అబ్బుతుందని నేను ఊళ్ళు తిరుగుతూ చాలాసార్లు ఆలోచించాను. జగిత్యాల మామిడి మార్కెట్లో వేలం పాడే ఒకాయన కాయల వంక చూసేవాడే కాదు, కొనేవాళ్ళ కనుబొమ్మలు చూసేవాడు. కోరుట్ల బస్టాండులో పళ్ళపొడి అమ్మే ఇంకొకాయన, గుంపులో నవ్వనివాణ్ణి వెతికి పట్టుకుని వాడితోనే మాట్లాడేవాడు. మాటకారితనం మీద నేను చదివిన పుస్తకాలన్నీ నోటి గురించే చెప్పాయి. వీళ్ళిద్దరూ బతికింది కళ్ళతో. సరే, ఎక్కడికో పోతున్నాను. మొహసిన్ దగ్గరికి వద్దాం.

ఒకరోజు అరుణ్ అతన్ని ఆఫీసుకు పిలిపించాడు.

"మొహసిన్ భాయ్, మా జగిత్యాలల నీ ఆట పెడితే పండుకున్న పిల్లలు లేస్తున్నరట. స్పీకర్లు బర్రుమంటున్నయట. ఈ ఐతారం ఒక్కసారి అరిచినవంటె, కరీంనగర్ నుంచి యాంకరమ్మను తెస్త. మాట్లాడి పెట్టిన."

మొహసిన్ ఆ ఆట వదులుకోలేడు. వారమంతా మోతలో నోరు కట్టేసుకునే మనిషికి నోరు తెరిచే గంట అదొక్కటే. పైగా కోరుట్లలో అత్త హుస్సేన్‌బీ ఉంది. సాంచెలు నడిపేవాడికి బిడ్డనియ్యనని పెళ్ళప్పుడు మొండికేసిన మనిషి. ఇప్పుడేమో అల్లుడు టీవీలో రాగానే గల్లీ మొత్తాన్ని పిలిచి చాపలు పరుస్తోంది.

భార్య ఇరమ్ ముందు ఆ వారమంతా సాధన చేశాడు.

"ఇంక తగ్గించు," అనేది ఆమె. మళ్ళీ చెప్పేవాడు. "ఇంక." చివరికొక రోజు, "ఇప్పుడు మంచిగుంది," అంది.

"నేనింక మొదలే పెట్టలే."

"అందుకే మంచిగుంది."

ఆదివారం వచ్చింది. చివరి ఆట దాకా గొంతు గడప దాటలేదు. చివరి ఆటకు వచ్చింది సత్యవ్వ. వయసంతా సాంచెల పక్కన కూర్చుని కండెలకు దారం చుట్టిన మనిషి, చెవులు అక్కడే ఇచ్చేసింది.

"సత్తెవ్వా, సాలెపురుగుకు ఎన్ని కాళ్ళు?" మెత్తగా అడిగాడు మొహసిన్.

"ఏంది కొడుకా?"

మళ్ళీ అడిగాడు, అంతే మెత్తగా.

"టీవీలకచ్చినంక గొంతుకేమైంది నీకు? ఇరమ్ బువ్వ పెడుతలేదా?"

హాలు నవ్వింది. గోడ మీద గడియారంలో జవాబుకిచ్చిన గడువు తరుగుతోంది. కెమెరా పక్కన అరుణ్ పెదవుల మీద వేలు పెట్టి నిలబడ్డాడు. అరిస్తే ఆట పోతుంది. అరవకపోతే ముసలామె మిక్సీ పోతుంది.

మొహసిన్ మైకు దించేశాడు. పెదవులు బాగా సాగదీసి, చప్పుడు లేకుండా అడిగాడు. కుడిచేతి వేళ్ళను ఎడమచేతి మీద పాకించాడు. సాంచెల షెడ్లలో పొద్దంతా నడిచే భాష ఇదే. చెవి పట్టుకుంటే సేటు వస్తున్నాడని, బొటనవేలు నోటికి తాకిస్తే చాయ్ అని. మిగిలిందంతా పెదవుల మీదే.

సత్యవ్వ ముఖం వెలిగింది. ఎనిమిది వేళ్ళు చూపించి, తనూ చప్పుడు లేకుండా అంది: "దినాం దులుపుతనే ఉంట, నాకెర్క లేదా?"

హాలు విరగబడి నవ్వింది. మొహసిన్‌కు కెమెరా సంగతే గుర్తులేదు. మిక్సీ చేతికిస్తూ ఎవరికిస్తావని పెదవులతోనే అడిగాడు. బిడ్డకని, కోడలికి చెప్పొద్దని ఆమె పెదవులతోనే బతిమాలింది. కోడలు మూడో వరుసలోనే ఉంది. జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. సాంచెల మోత ఎరగని జగిత్యాల మనిషి అరుణ్‌కు మాత్రం ఏమీ అర్థం కావడం లేదు.

అంతలో అతని ఫోన్ మోగింది. సౌండ్ పోయిందని జగిత్యాల. తర్వాత కోరుట్ల నుంచి హుస్సేన్‌బీ.

"మా అల్లుని నోరు ఎవలు బందువెట్టిండ్రు? గాయన అరిస్తెనే మంచిగుంటది."

ఫోన్లు ఆగాక అరుణ్ మొహసిన్ వంక వింతగా చూశాడు.

"సిరిసిల్ల నుంచి ఒక్క ఫోన్ గూడ రాలే. ఏంది?"

"మా ఇండ్లల్ల టీవీ పక్కనే సాంచెలు నడుస్తయన్నా. మేము సౌండ్ ఎన్నడిన్నం? మూతులు చూసుడే."

హాల్లో ఇంకా ఆగని నవ్వుల వంక అరుణ్ ఒకసారి చూశాడు. తర్వాత కరీంనగర్‌కు ఫోన్ చేసి, యాంకరమ్మను రావద్దన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం చివరి ఆట చప్పుడు లేకుండానే సాగుతుంది. మూకాట అని పేరు కూడా పెట్టారు. తెర కింద అరుణ్ ఒక వరుస నడిపిస్తాడు: 'సౌండ్ పోలేదు. దయచేసి ఫోన్ చేయకండి.'

హుస్సేన్‌బీ మాత్రం చేస్తూనే ఉంది.