మిర్చి యార్డుల దగ్గు రాని మనిషి

నవ్వుతే నవ్వుండ్రి గని, అబద్ధమాడితే నా కండ్లు పోవాలె. ఆ రాత్రి నేను చుక్క ముట్టలే. కునుకు సుత తియ్యలే. కండ్లు తెరుసుకొనే ఉన్న...

పోయిన మిర్చి సీజన్ల ముచ్చట. ఎనుమాముల మార్కెట్ల మా బస్తాలు దించి, తెల్లారి కాంటా అయితదని వాటి పక్కనే పండినం. నేను, మా బామ్మర్ది రమేషు. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. ట్రాలీ ఆటో నడుపుతడు. సీజన్ గదా... ఊరికి, యార్డుకు నిద్ర లేకుంట తిరుగుతాండు.

మిర్చి కాడ పండినోళ్లకు తెలుసు. జర గాలి కొట్టినా చాలు, ఘాటుకు అందరు దగ్గుడే. వాచ్‌మన్ వస్తాండంటే మనిషి కంటే ముందు ఆయన దగ్గు వస్తది.

రమేషు ఆ రాత్రి కూసోడు, పండడు. పండ్లు పటపట కొరుకుతాండు. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నడు.

"బావా... బస్తాల వెనక ఒకడు తిరుగుతాండు. వాడు దగ్గుతలేడు."

లేచి చుట్టు తిరిగొచ్చిన. ఎవ్వలు లేరు. వచ్చి కూసున్న. అప్పుడు ఇనబడ్డది... సర్... సర్... గోనె సంచికి ఎవలో రాసుకుంట పోయినట్టు. ఆగుతది. మళ్ల... సర్... దగ్గు మాత్రం లేదు.

ఏం తిన్నవురా అని గట్టిగ అడిగితే, జేబుల నుంచి చిన్న పాకిట్ తీసిండు. తెల్లపొడి. నిద్ర రాదు, బలమొస్తదని తోటి డ్రైవర్ ఇచ్చిండట. మత్తు దిగినకొద్ది మళ్ల మళ్ల ఏసుకున్నడట. చెప్పుకుంట చెప్పుకుంటనే వణికి పడిపోయిండు. ఒళ్లు పెనం లెక్క కాలుతాంది. నాకేం తెలుసు... చలిజ్వరం అనుకున్న. దొరికిన ఖాళీ సంచులన్ని మెడదాకా కప్పి, నీళ్లకు నల్లా కాడికి ఉరికిన.

తిరిగొచ్చి చూస్తే...

వాని మీద సంచులు లేవు. పక్కన ఉన్నయి. మడత మీద మడత... అంచుకు అంచు కలిపి... మా అమ్మ చీరెలు మడతపెట్టినట్టు. వాని అంగి గుండీలు సుత విప్పి ఉన్నయి. వాడా, తెలివి లేకుంట పడి ఉన్నడు. వేళ్లు బిగుసుకపోయినయి. అవతల రైతులు గురక పెడతాండ్రు. నాకు దగ్గు ఆగుతలేదు. మొత్తం యార్డుల నా ఒక్కని దగ్గే.

పక్క రైతును లేపి, వాని ట్రాలీ ఆటోలనే దవాఖానకు ఏసుకపోయిన. డాక్టర్ పాకిట్ చూసి మెఫెడ్రోన్ అసొంటిది అన్నడు. కాథినోన్లని, రసాయనాలతోటి చేసే మత్తుమందు జాతట. గుండెను ఉరికిస్తదట. లేనోళ్లను చూపిస్తదట. ఒంట్ల వేడి చంపేదాక పెంచుతదట. అందుల ఏం కలిపిండ్రో అమ్మినోనికే తెల్వదన్నడు. నేను సంచుల సంగతి చెప్పిన. ఆయన నా మొఖం దిక్కు చూసిండు.

"అవి అలాగే ఉంటే మనిషి దక్కేవాడు కాదు. తీసినవాళ్లు బతికించారు."

తీసింది ఎవరు? నేనే భయంల తీసి మర్చిపోయిన్నంటరు మావోళ్లు. కావచ్చు. కని నేను సంచి ఎప్పుడు మడతపెట్టిన్నని?

రమేషు బతికిండు. ఇగ ఆ పొడి ముట్టనని వాళ్లక్క కాళ్లు మొక్కిండు. ఆమె నమ్మింది. నేను సుత నమ్మిన. మొన్న ఆటో కడుక్కుంట నన్ను దగ్గరికి పిలిచిండు. మనిషి మంచిగనే ఉన్నడు. మెల్లగ అన్నడు.

"బావా, నాకు పొడి మీద మనసు లేదు. ఆ రాత్రి వచ్చినాయనను ఒక్కసారి చూడాలె. ఎవరో అడగాలె. అది ఏసుకుంటేనే గదా కనబడతడు..."

ఆ మాట అన్నది రమేషా... పొడా... లేకుంటే నిజంగనే ఆయన పిలుస్తాండా... నాకు తెల్వదే. రోజు పండుకునే ముందు మా ఆవిడ అడుగుతది, తమ్ముడు మంచిగైండు గదా అని.

అయిండు అనే చెప్తాన.