నాయన కట్టిన సుగ్గిబండి

మా చిన్నప్పుడు... సుగ్గికి పోతున్నామంటే చాలు, నాకు భయం పట్టుకునేది. పనుల్లేని నెలల్లో ఊరొదిలి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోవడాన్ని మా కర్నూలు పడమటి పల్లెల్లో సుగ్గి అంటారు. మూడు నెలలు చేని గట్టు మీదే కాపురం. నాలుగు కట్టెలు పాతి, పైన పట్ట కప్పితే అదే ఇల్లు.

ముందటేడు ఆ పట్ట కిందే నన్ను తేలు కుట్టింది. అప్పటినుంచి నేల మీద పడుకోవాలంటే ఏడుపే...

మా నాయన ట్రాక్టరు డ్రైవరు. ఈసారి బిడ్డను నేల మీద పడుకోబెట్టేది లేదని పంతం పట్టాడు. ఎమ్మిగనూరులో పాత ఇనుప సామాన్ల అంగడిలో ఒక డొక్కు వ్యాను దొరికితే, ఇంజనూ ముందు భాగమూ కోయించి వెనక గది మాత్రం తెచ్చాడు. పక్కింటి ఖాసిం మామకు వెల్డింగు షాపు ఉండేది. ఇద్దరూ కలిసి దానికి పాత ట్రాలీ ఇరుసు, రెండు పెద్ద చక్రాలు బిగించారు. దారి లేని చేలల్లో, వంకల్లో కూడా అడుగు తగలకుండా పోవాలని అంత ఎత్తు పెట్టారు. ట్రాక్టరుకు తగిలించడానికి ముందువైపు ఎద్దులబండికి ఉన్నట్టే పొడవాటి ఇనుప నొగ. లోపల రెండు చెక్క మంచాలు, ఒక అటక, ముందు చిన్న కిటికీ, వెనక తలుపు...

"ఏమప్పా, సుగ్గికి మేడ కట్టుకొని పోతాండావే!" అని ఊళ్ళోవాళ్ళు నాయనను ఆటపట్టించేవాళ్ళు. ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు.

బయల్దేరే రోజు పొద్దున బండికి పూజ. అది మా ఇంటి ముందు వాలులో ఉంది. నొగను ఒక మొద్దు మీద ఆనించి, చక్రాలకు ముందు రెండు రాళ్ళు అడ్డం పెట్టారు. వాలు కింద చేను, చేనిలో గట్టు లేని బావి. ఎండిన బావి... అడుగున బండలు తప్ప చుక్క నీళ్ళు లేవు.

నాయన కొంచెం అవతల ట్రాక్టరుకు డీజిలు పోస్తున్నాడు. అమ్మ హారతి తేవడానికి లోపలికి పోయింది. మా అవ్వ, అంటే నాయనమ్మ, నా చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టింది.

"పో పాపా, చక్రాల ముందర పెట్టిరా. బండి కదిలేటప్పుడు మొదలు అవే నలగల్ల."

అక్కడ చూస్తే రాళ్ళున్నాయి. రాయికి అవతల పెడితే చక్రం నిమ్మకాయను ఎట్లా తొక్కుతుంది? తొమ్మిదేళ్ళ బుర్రకు తోచిన తెలివి అది... ఒక రాయిని కాలితో తన్నాను, రెండోదాన్ని చేతులతో లాగాను, ఆ చోట నిమ్మకాయలు పెట్టాను. చక్రాలు మెత్తటి మట్టిలో కొంచెం దిగి ఉండడంతో బండి కదల్లేదు. పని బాగా చేశాననుకుని, వెనక తలుపు ఎక్కి మంచం మీద ఎగిరి కూర్చున్నాను.

బండి ఊగింది. ఆ తర్వాత మెల్లగా కదిలింది...

కుదుపుకు వెనక తలుపు మూసుకుపోయి, బయట గొళ్ళెం పడింది. నేను తలుపు బాదుతూ అరుస్తున్నాను. బియ్యం మూటలూ సామాన్లూ అన్నీ వెనకే సర్దారు. వాటికి తోడు నేనూ వెనకే ఉండడంతో నొగ నేలకు తగలకుండా గాల్లో లేచే ఉంది. చక్రాల వేగం పెరుగుతోంది.

"అయ్యో నా బిడ్డ!" అని అమ్మ కేక. దాన్ని మించి నాయన గొంతు. "తలుపు ఇడ్సిపెట్టు! ముందరికి పో! కిటికీ కాడికి పో పాపా!"

కిటికీలో నాకు బావి కనిపిస్తోంది. దాని నోరు పెద్దదవుతోంది. దానివైపే పొమ్మంటున్నాడు నాయన! చచ్చిపోతానని నాకు తెలిసిపోయింది. అయినా ఆయన మాట కాదనే ధైర్యం కూడా లేక, కళ్ళు మూసుకుని పాక్కుంటూ ముందుకు పోయాను.

నా బరువు ముందుకు రావడంతో నొగ దభీమని నేలకు దిగింది. మడక మాదిరి మట్టిని చీల్చుకుంటూ పోయి, బావికి నాలుగు బారల దూరంలో ఆగింది.

పూజకు వచ్చిన ఖాసిం మామ పరిగెత్తుకొచ్చి గొళ్ళెం తీశాడు. నాయన నన్ను ఎత్తుకోబోయాడు గానీ, పట్టు దొరక్క నన్ను జారవిడిచాడు. నాయన భయపడడం నేను చూసింది అదే మొదలు.

"రాళ్ళు ఎవురు తీసింది?" అన్నాడు.

బావి కన్నా ఎక్కువ భయం అప్పుడు పుట్టింది నాకు. అవ్వ ముందుకొచ్చింది.

"నేనే తీస్తినప్పా. నిమ్మకాయలు పెట్టేకి అడ్డమొచ్చె."

"బిడ్డ పోయింటే యాడ తెస్తావమ్మా? నువ్వు మా జతకు రావద్దు. ఈడే ఉండు!"

అప్పటిదాకా ఏ సుగ్గికీ అవ్వ లేకుండా పోలేదు. ఆ ఏడు ఆమెను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి పోయాం. అవ్వ నావైపు చూడనైనా చూడలేదు. చూస్తే ఎక్కడ ఏడ్చి చెప్పేస్తానో అనుకుందేమో.

మూడు నెలలు నేలకు ఎత్తున, చెక్క మంచం మీద పడుకున్నాను. తేళ్ళు లేవు, పాములు లేవు. కానీ నిద్ర పట్టేది కాదు... నాయన మళ్ళీ అడిగితే ఏం చెప్పాలి? మేం తిరిగి వచ్చేలోపు అవ్వకు ఏమన్నా అయితే? తిరిగొచ్చేసరికి ఆమె సగమైపోయింది. "తేలు కుట్టలే గదా పాపా?" అని మాత్రం అడిగింది. నేను ఇంటరు చదివేటప్పుడు పోయింది. ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఇప్పుడు ఫోన్లో చూస్తుంటాను. పాత వ్యాన్ల బాడీలతో బండ్లు కట్టుకుని కొండలకూ అడవులకూ సరదాగా పోతున్నారు. బాగుంటాయి, బ్రేకులు కూడా ఉంటాయి. అయినా ఆ చక్రాల దగ్గర పిల్లలు ఆడుతుంటే నా కళ్ళు ఇప్పటికీ అడ్డం పెట్టిన రాళ్ళ కోసం వెతుకుతాయి.

నాయనకూ ఇప్పుడు ఫోనుంది. నేను ఏం రాసినా కింద ఒక దండం బొమ్మ పెడతాడు. దీన్నీ చదువుతాడు...

నాయనా, ఆ రోజు రాళ్ళు తీసింది అవ్వ కాదు. నేను.

మీ చిన్నప్పటి మాట ఏదైనా ఇట్లా లోపలే ఉండిపోయి ఉంటే, ఇక్కడ కింద రాయండి. వినాల్సినవాళ్ళు ఉన్నప్పుడే రాయండి... నేను ఒకరికి ఆలస్యం చేశాను.