ఏటి మిట్ట మీద మళ్ళీ కట్టిన బడి

నా చిన్నప్పుడు మా ఊరు పాలారు నడిమధ్యన ఉండేది. పళ్ళికొండ దాటి కాస్త దిగువన ఏరు రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట ఒక మిట్ట, దాని మీద ముప్పై గడపలు. ఏడాదిలో చాలా నెలలు ఆ పాయల్లో ఇసకే తప్ప నీళ్ళుండవు కాబట్టి, మా చుట్టూ ఏరున్న సంగతి మాకే గుర్తుండేది కాదు. మా వాళ్ళంతా మట్టిగోడలు పెట్టే పనివాళ్ళు. గుడియాత్తం దాకా పోయి ఊళ్ళవాళ్ళకు ఇళ్ళు కట్టి వచ్చేవారు. మిట్ట కొసన ఉన్న మా బడి గోడలు కూడా మా తాతయ్య పెట్టినవే.

పక్కింటి అక్కకు పెనిమిటి పోయాడు. ఐదేళ్ళ కొడుకొక్కడే మిగిలాడు. వాణ్ణి రోజూ బడికి తీసుకుపోయి తీసుకువచ్చే పని నాకు అప్పగించింది. నాకప్పటికి తొమ్మిదేళ్ళు. ఆడపిల్లల్ని బడికి పంపడం మా ఇళ్ళల్లో లేదు. వాడికి తోడు పోయిన పుణ్యాన గడప దగ్గర కూర్చుని నేనూ నాలుగక్షరాలు నేర్చుకున్నాను.

ఆ కార్తీకంలో తుఫాను మూడు రోజులు తెరిపి లేకుండా కొట్టింది. నాలుగో రోజు ఎండ కాసిందని అయ్యవారు బడి పెట్టారు. పైన ఎక్కడో చెరువులు తెగాయన్న కబురు మాకు చేరలేదు. మధ్యాహ్నం మేమిద్దరం ఇంటికి వస్తుంటే, వాన చినుకైనా లేకుండా, దారి మీదికి ఎర్రటి నీళ్ళు వచ్చాయి. మోకాళ్ళ దాకా, చూస్తుండగానే నడుము దాకా. పక్కన ఒక తాటిచెట్టు ఉంది. దాన్ని వాటేసుకోవాలంటే రెండు చేతులూ కావాలి. వాడి చెయ్యి వదిలేశాను. జారిపోయిందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను గానీ, జారిపోలేదు. వదిలేశాను.

సాయంత్రం మోకు కట్టి నన్ను చెట్టు మీంచి దింపారు. పిల్లాడేడని అక్క అడిగింది. వాడు నాకన్నా ముందే పరిగెత్తి పోయాడని చెప్పాను. అక్క నా మొహంలోకి చూసి, ఏటి వైపు వెళ్ళిపోయింది. ఎన్ని రోజులు ఇసకలో వెతికినా వాడు దొరకలేదు.

పళ్ళికొండ గుడి మంటపంలో గంజి తాగుతూ పక్షం రోజులు తలదాచుకున్నాం. తిరిగి వచ్చేసరికి మిట్ట మీద ఊరు లేదు. గోడలన్నీ కరిగి కుప్పలయ్యాయి. మగవాళ్ళు కూలబడిపోయారు. మా తాతయ్య మాత్రం ఒక కుప్పను కాలితో తట్టి చూసి, “మన మట్టి మనకే ఉండాది గదప్పా. తడిపి తొక్కితే మళ్ళా గోడే” అన్నాడు.

అట్లా పాత గోడల మట్టినే తడిపి, గడ్డి కలిపి తొక్కి, ఒక్కో వరసా పెట్టి ఆరనిస్తూ ఇళ్ళు లేపారు. అక్క తనకు ఇల్లు వద్దంది. మా ఇంట్లోనే ఒక మూల పడుకునేది. మా అమ్మ పొలం పోతే నాకు సంగటి పెట్టేది ఆమే. ఆ చేతి ముద్ద నాకు గొంతు దిగేది కాదు. జ్వరం అనేదాన్ని, కడుపునొప్పి అనేదాన్ని. ఆమె ముద్దను చిన్నది చేసి మళ్ళీ పెట్టేది.

ఇళ్ళయ్యాక బడి మాట వచ్చింది. ఈ మిట్ట మీద ఇంక బడి వద్దని పెద్దలు అన్నారు. మర్నాడు పొద్దున చూస్తే అక్క ఒక్కతే బడి కుప్ప దగ్గర నీళ్ళు పోసి అడుసు తొక్కుతోంది. ఎవరో వారించబోతే, “మిగిలిన పిల్లోళ్ళు ఉండారు గదా” అంది. ఆ మాటతో ఒక్కొక్కరే అడుసు గుంటలోకి దిగారు. నేను మాత్రం ఎవరు పిలిచినా దిగలేదు.

గోడ మూడో వరసప్పుడు అందరూ అన్నాలకు పోయారు. అక్క నన్ను గుంట దగ్గరికి పిలిచింది.

“అందరూ తొక్కతా ఉండారు. నువ్వెందుకు రావు?”

“వాడు దీంట్లో ఉంటాడేమో అక్కా” అన్నాను.

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. “ఉంటే ఉండనీ. మెల్లంగా తొక్కు” అంది.

దిగాను. నాలుగడుగులు వేశానో లేదో ఏడుపు తన్నుకొచ్చింది. “వాడు పరిగెత్తి పోలేదక్కా. నేనే చెయ్యి ఇడిచిపెట్టినాను.”

“తెలుసు. గడ్డివామి మీద నిలబడి చూస్తానే ఉండాను.”

ఆమె నా వైపు చూడకుండానే తొక్కుతూ చెప్పింది. “నువ్వు ఇడవకుంటే ఇద్దరూ పోయుండేవాళ్ళే అని దినామూ చెప్పుకుంటా ఉండాను. ఒగ దినం మనసు వింటాది, ఒగ దినం వినదు.” తర్వాత మామూలు గొంతుతో, “గడ్డి తీసుకురాపో. మట్టి గట్టిపడతా ఉండాది” అంది.

గడ్డి తెచ్చాను. సందె దాకా ఇద్దరం తొక్కాం. ఆ తర్వాత ప్రతిరోజూ.

తాటాకు కప్పి బడి తెరిచారు. అక్క పోయేదాకా మా ఇంట్లోనే ఉంది. నిజం ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళు నాకు తల దువ్వి పూలు పెట్టేది. కొన్నాళ్ళు నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. క్షమించానని ఒక్కసారైనా అనలేదు. అడగడానికి నాకూ నోరు రాలేదు.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. తప్పు చేసి నా ముందుకు వచ్చినవాళ్ళకు సర్దిచెప్పడం నాకు చేతకాదు, తిట్టడమూ చేతకాదు. పక్కన కూర్చోబెట్టుకుని బియ్యం ఏరమనో, చింతపండు ఒలవమనో చేతికి పని ఇస్తాను. నేనూ చేస్తాను. పని సగమయ్యేసరికి చాలామంది నోరు విప్పుతారు. విప్పనివాళ్ళతో చివరిదాకా కూర్చుంటాను.