చెట్టు దిగిన వీర్రాజు

1956 నాటికి నేను కొత్తపేటలో ప్రాక్టీసు పెట్టి ఏడేళ్లయింది. మద్రాసులో చదువుకునేటప్పుడు మానసిక వైద్యశాలలో కొన్నాళ్లు పనిచేశానని తెలిసి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మతి చలించినవాళ్లను నా దగ్గరికి తీసుకొచ్చేవారు. తాయెత్తులూ, విభూతీ, వేపమండలూ అన్నీ అయ్యాక ఆఖరున వచ్చేవారు. అలా వచ్చినవాడే వీర్రాజు.

ఐనవిల్లి దగ్గర పల్లెటూరు అతనిది. కొబ్బరి దింపు పని, అంటే చెట్టెక్కి గెలలు కోసి దించడం. ఆ చుట్టుపక్కల అతనంత చురుగ్గా చెట్టెక్కేవాడు లేడని పేరు. నాలుగేళ్ల కిందట మొదటిసారి జబ్బు చేసినప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి షాక్ ట్రీట్‌మెంట్ ఇప్పించారు. తలకు కొద్దిగా కరెంటు పెట్టి మూర్ఛ తెప్పించే వైద్యం అది. కుదుటపడి కొంతకాలం బాగానే ఉన్నాడు. మళ్లీ తిరగబెట్టింది. అన్నంలో మందు కలిపారంటాడు, చెవిలో ఏవో గొంతులు వినబడి ఎవరూ లేనిచోట ఎవరితోనో వాదిస్తాడు. దీన్ని మేము స్కిజోఫ్రీనియా అంటాం. మనిషి ఆలోచనలకూ, బయట జరిగేదానికీ మధ్య లంకె తెగిపోయే జబ్బు.

భార్య సూరమ్మ వెంట వచ్చింది. సన్నగా ఉన్నా మాట మాత్రం గట్టి మనిషి.

"ఇది పూర్తిగా పోద్దా అండి, డాక్టరు గారూ? ఉన్నదున్నట్టు చెప్పండి" అంది.

"కొందరికి ఒకసారి వచ్చి పోతుందమ్మా. కొందరికి మళ్లీ మళ్లీ వస్తుంది. మీ ఆయనది రెండో రకంలా ఉంది. కానీ ఇప్పుడొక కొత్త మాత్ర వచ్చింది. మానకుండా వేసుకుంటే అదుపులో ఉంచొచ్చు."

"అయితే వేస్తానండి" అంది, వంటలో ఉప్పు వేస్తానన్నంత మామూలుగా.

ఆ మాత్ర క్లోర్‌ప్రోమజైన్. అంతకుముందు ఇలాంటి రోగులకు నిద్రమందులివ్వడం తప్ప నేను చేయగలిగింది పెద్దగా లేదు. ఈ మందుతో మనిషి నిద్రలోకి కాదు, మనలోకి వస్తున్నాడు. కొన్ని వారాలకు వీర్రాజు అనుమానం లేకుండా అన్నం తిన్నాడు, పిల్లల్ని దగ్గరికి పిలిచాడు. అయితే ఈ మందు రక్తపోటును కాస్త దించుతుంది. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. అందుకని చెట్టెక్కవద్దన్నాను. కొబ్బరికాయల వలుపు పని చూసుకోమన్నాను. నేలలో పాతిన గునపం మొనమీద కాయను గుచ్చి పీచు ఒలిచే పని అది.

అతనికి అది చిన్నతనమనిపించింది. "నా కింద పనిచేసినోళ్ల పక్కన కూర్చోమంటారా అండి?" అన్నాడు. నా ముందు సరేనన్నాడు గాని, చెట్టెక్కడం కోసం మాత్రలు మానేశాడు. మానిన కొత్తలో బాగానే ఉన్నాడు. అదే ఈ జబ్బులో పెద్ద మోసం. మందు మానగానే ఏమీ కాదు, కొంతకాలం పోయాక అవుతుంది.

ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది. సైకిలు మీద వెళ్లేసరికి తోటనిండా జనం. వీర్రాజు చెట్టు మొవ్వులో, మట్టల మధ్య కూర్చున్నాడు, చేతిలో కత్తి. తెల్లారగట్ల ఎక్కినవాడు దిగడం లేదు.

"కింద కాసుకున్నారు! నన్ను నరికేస్తారు!" అని అరుస్తున్నాడు.

ఇద్దరు కుర్రాళ్లు కాళ్లకు చెట్టెక్కే తాడు బంధాలు వేసుకుని పైకెక్కబోతున్నారు. వాళ్లను ఆపాను. కింద చూస్తే కర్రలూ తాళ్లూ పట్టుకున్న జనమే. అతను భయపడుతున్నది మతి తప్పినందుకే అయినా, ఆ క్షణంలో కళ్లకు కనబడుతున్నదీ అదే.

"అందరూ తోటలోంచి వెళ్లిపోండి. ఒక్కరూ ఉండొద్దు" అన్నాను.

"పడిపోతే ఎలాగండి?" అన్నాడొక పెద్దాయన.

"మనం ఉంటే పడిపోతాడండి" అన్నాను.

జనం గట్టు దాటారు. నేను తోట చివరనున్న కొట్టాం పక్కన నిలబడ్డాను. సూరమ్మ ఒక్కతే చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి చూసింది.

"ఏమయ్యో, చూసుకో. ఎవరూ లేరు."

"డాక్టరున్నాడు. కొట్టాం కాడ."

"ఆయ్, ఉన్నారు. నువ్వు దిగితే సూదేస్తారు. అబద్ధం చెప్పను. నొప్పెడద్ది. నేను పక్కనే ఉంటాను."

సూది మాట ఎత్తకుండా ఉండాల్సిందనుకున్నాను. కాసేపటికి పైనుంచి కత్తి దూరంగా ఇసుకలో వచ్చి పడింది. వీర్రాజు మెల్లగా దిగాడు. నేల మీద కాలు మోపగానే సూరమ్మ భుజం ఆనించింది. "నిజం చెప్పింది ఇదొక్కత్తే" అని చెయ్యి నా ముందు చాపాడు.

సూదిమందుతో కుదుటపడ్డాక మళ్లీ మాత్రలు మొదలుపెట్టి, ఈసారి డోసు మార్చాం. మెల్లగా తగ్గిస్తూ, ఎక్కువ భాగం రాత్రి పడుకోబోయేముందు వేసేలా చూశాం. పగటి మత్తు చాలావరకు తగ్గింది. ఇక మిగిలింది పని. వలుపు పనిలో పెట్టుకోమంటే ఆ ఊరి కొబ్బరి వర్తకుడు ఒప్పుకోలేదు. "పిచ్చోడికి గునపం అప్పగించమంటారా డాక్టరు గారూ?" అన్నాడు.

"మందు వేసుకుంటున్నాడు. పని లేకుండా ఇంట్లో కూర్చుంటేనే నాకు భయం. మీ కళ్లెదురుగానే కూర్చోబెట్టండి" అన్నాను.

గొణుగుతూనే ఒప్పుకున్నాడు. మొదట్లో వీర్రాజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కొన్ని నెలలకు పక్కవాళ్లతో కలిసి సద్దన్నం తింటున్నాడని తెలిసింది. మరుసటి ఏడు వర్తకుడే నాకెదురై, "మావాడికి మాత్రలు అయిపోవచ్చాయేమో చూడండి" అన్నాడు. ఆ "మావాడు" అన్న మాట ఏ పరీక్ష ఫలితం కన్నా నాకెక్కువ తృప్తినిచ్చింది.

1959లో ఒకసారి మాత్రల కోసం వచ్చినప్పుడు అడిగాను, "గొంతులు ఇంకా వినబడుతున్నాయా వీర్రాజూ?"

"ఆయ్, అప్పుడప్పుడండి. వాటి పాటికి అవి మాట్లాడుకుంటాయండి. నా పాటికి నేను కాయలొలుచుకుంటానండి."

అంతవరకూ ఆ గొంతులు పూర్తిగా ఆగిపోతేనే నయమైనట్టని నా లెక్క. ఆ తర్వాత ఇలాంటి రోగి ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న మారిపోయింది. ఏం పని చేస్తున్నావు, ఎవరితో కలిసి తింటున్నావు అని అడిగేవాణ్ని. రెండింటికీ జవాబుంటే, జబ్బు పూర్తిగా పోకపోయినా, మనిషి నిలబడ్డాడని ధైర్యంగా చెప్పేవాణ్ని.