ఖాసిం చాచా ఆపించిన ఇంజను

దయ్యాల మాటెత్తితే ఎగతాళి చేసే మనిషిని నేను. శామీర్‌పేట చెరువుకట్ట మీద చచ్చిపోయిన ఫలానావాళ్ళు కనబడ్డారని ఎవరైనా అంటే, "ఎన్ని ముంతలు తాగినవ్?" అని అడిగేవాణ్ణి. ఇది చదివి మీరూ అదే అడగొచ్చు. అడగండి. నేను కల్లు ముట్టను.

యుద్ధం రోజుల్లో మేడ్చల్‌లో ఒక పల్లినూనె కంపెనీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. అక్కడ ఇంజను నడిపేది ఖాసిం చాచా. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి నడిచి వచ్చేవాడు. వెదురు కర్ర ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఎక్కడ అరుగుతోందో ఆ చప్పుడులోనే పట్టేసేవాడు. ఇంజను వచ్చిన నాటినుంచీ ఉన్న మనిషికి కూర్చోను ఒక పీట కూడా ఇవ్వలేదు కంపెనీ.

కొత్త మేనేజరుకు ఆ వినడం పనిలాగే కనబడలేదు. "గీ ముసలోడు కట్టె వెట్టుకొని నిద్రవోతున్నడు. ఈయన లేకుంటే నడ్వదా?" అని నన్నడిగాడు.

నాకు జ్వరమొస్తే బండి కట్టించి ఇల్లు చేర్చిన మనిషి చాచా. అయినా నా ఉద్యోగం ఎక్కడ పోతుందోనని, "ఎందుకు నడ్వదు సాబ్? ఎవరన్న జేస్తరు" అన్నాను. తిరిగి చూస్తే చాచా గుమ్మంలోనే ఉన్నాడు. "అచ్ఛా బేటా" అని, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. ఛీ, ఎంత సిగ్గుమాలిన పని చేశాను!

ఆయన చోట కొత్త డ్రైవరు వచ్చాడు. నెల తిరిగింది. ఒక మధ్యాహ్నం షెడ్డు కిటికీలోంచి చూస్తే చాచా ఇంజను మీదికి వంగి వింటున్నాడు. మళ్ళీ పిలిపించారనుకుని సంతోషపడ్డాను. ఆయన నావైపు తిరిగి, ఆపమని చెయ్యి ఊపాడు. పరుగున పోయి ఆపించాను.

కొత్త డ్రైవరు గొణుక్కుంటూ విప్పి చూస్తే, పెద్ద చక్రం ఇరుసు సగానికి పైగా పగిలి ఉంది. ఇంకాసేపు తిరిగితే చక్రం ఊడి, పక్కన పల్లికాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మీద పడేది.

"చాచా ఏడి?" అన్నాను.

కాయలేరే మల్లమ్మ నన్ను వింతగా చూసింది. "ఏ చాచా అయ్యా? లోపల గీ డ్రైవరొక్కడే ఉండె గదా!"

సాయంత్రం వాళ్ళ ఊరు పోయాను. వాకిట్లో జనం. చాచా ఆ పొద్దున్నే కన్నుమూశాడట. నాకు కనబడిన వేళకు మట్టిచేసి వస్తున్నారట. ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ, "నీ గురించి మస్తు మంచిగ చెప్తుండె బేటా" అంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆయన ఎట్లా వచ్చాడో, అన్ని మాటలు పడ్డ చోటికి ఎందుకు వచ్చాడో ఇన్నేళ్ళైనా నాకు అంతు చిక్కలేదు.

చప్పుడులో తేడా విని నేనే ఆపించాననుకుని, మర్నాడు మేనేజరు అందరి ముందూ నా భుజం తట్టాడు. "చూడుండ్రి, గీయన చెవులు ఎంత సురుకో! మనిషంటే గిట్లుండాలె" అన్నాడు. చాచా పేరు నోటిదాకా వచ్చింది.

"అంతా మీ దయ సాబ్" అన్నాను.