డాక్టరమ్మ పేరిట పిట్టకు పెట్టాం

వైశాఖంలో ఒక బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఓడలోని డాక్టరమ్మను చంపేశారు. నీళ్ల మీద పోయే ఓడ కాదు, చుక్కల మధ్య తిరిగేది. ఆమె పెంచిన చిన్నపిల్ల ఆ ఓడలోనే మిగిలిపోయింది. ఆ డబ్బింగ్ సీరియల్ కోసం నేను, మా తోటికోడలు రోజూ మగ్గాలు ఆపి మా టీవీ ముందు కూర్చునేవాళ్లం. ఎండాకాలం సెలవులకు వచ్చిన నా మనుమరాలు కూడా మాతోపాటే.

"ఎనిమిదో సావు," అన్నాను. చావుల లెక్క నాదే.

తోటికోడలు లేచి నిలబడింది. "పీనుగను చెత్త లెక్క బయటికి ఇసిరేసిండ్రు. మట్టి లేదు, పిట్టకు పెట్టుడు లేదు. నేనింక సూడనక్కా."

"కథల జర నెత్తురు ఉండాలె, సిన్నవ్వా," అంది మనుమరాలు.

"నీ కథ పాడుగాను! సంపకుంటే నడవదా గా ఓడ?"

గురువారం ఆమె రాలేదు. ఆమె తిట్లు లేని సీరియల్ ఉప్పులేని పప్పు. సాయంత్రం కబురు పంపాను: "రేపే డాక్టరమ్మ మూడో దినం. పిట్టకు మనమే పెడుదాం, రా."

వచ్చింది. మా వైపు పోయినవారికి ఇష్టమైనవి వండి మూడోనాడు పిట్టకు పెడతాం. అది ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలిందన్నమాట. చిక్కేమిటంటే, ఆ ఓడలో అందరూ తిండికి బదులు గోలీలే మింగుతారు.

"జరమొస్తే ఏసుకునే గోలీ పెడుదామా అవ్వా?" అంది మనుమరాలు. నవ్వు ఆపుకోలేకపోయాం. చివరికి కోడికూర, అన్నం వండి మోదుగ విస్తరిలో మిద్దె మీద పెట్టాం. అరగంటైనా ఒక్క కాకి రాలేదు.

"సంపినోన్ని సంపాలె. గదే ఆమె కోరిక," అంది తోటికోడలు.

"గట్లయితే తొమ్మిది సావులైతయి. ఆమె పెంచిన పిల్ల సల్లగ నేల మీద దిగాలె. గదీ కోరిక," అన్నాను.

తోటికోడలు లేచింది. కొంగు సర్దుకుని ఆకాశానికి చేతులు జోడించింది. "డాక్టరమ్మా, నీ పిల్ల దిగేదాక మేం సూస్తం. ఒక్క దినం తప్పం. ముట్టు తల్లీ."

మెట్లెక్కి పక్కింటి మేక వచ్చింది. కోడిముక్కలు వదిలేసి అన్నం తిన్నది, విస్తరి కూడా నమిలేసింది.

"గది పిట్ట కాదు!" అంది మనుమరాలు.

"వాళ్ల లోకంల పిట్టలు గిట్లనే ఉంటయేమో. నువ్వు సూసొచ్చినవా?" అంటూ తోటికోడలు టీవీ పెట్టడానికి అప్పుడే కిందికి దిగుతోంది.

పిల్ల శ్రావణంలో క్షేమంగా దిగింది. అప్పటిదాకా తోటికోడలు ఒక్కరోజూ తప్పలేదు.

మొత్తం పోయినవి: ఓడలో ఇరవై రెండు ప్రాణాలు. మా ఇంట్లో ఒక కోడి, ఒక విస్తరి, రెండు మగ్గాల మీద రోజుకో గంట పని.